పన్ను లోపలి సంగతి చదవడం, 4వ పాఠం: బుగ్గ వాచకముందే

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి, ఆ తప్పులో సగం నాదే. దవడ పన్నుకు లోతైన పుచ్చు ఉంది, చల్లనీళ్లు తగిలితే రెండు మూడు క్షణాలు జివ్వుమని ఆగిపోతుంది, బుగ్గ గానీ చిగురు గానీ ఉబ్బలేదు. మజ్జ (పన్ను నడుమ నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తని కణజాలం) పరిస్థితి ఏమిటని అడిగాను. ‘వాపు లేదు కాబట్టి మజ్జ క్షేమం’ అని రాశారు. నేను మూడవ పాఠంలో ‘మజ్జ వాపు’ అనకుండా ‘మజ్జ శోథ’ అని రాసి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. అందువల్ల రూట్ కెనాల్ పాఠాన్ని వాయిదా వేసి, ఈ ముడి విప్పుతున్నాను.

వాపు అంటే కంటికి కనిపించే ఉబ్బు. శోథ అంటే దెబ్బకు కణజాలం ఇచ్చే స్పందన: రక్తనాళాలు విప్పారతాయి, ద్రవం బయటికి ఊరుతుంది, తెల్ల రక్తకణాలు చేరతాయి. మోచేయి గీసుకుపోయినప్పుడు రెండూ కలిసే వస్తాయి గనుక తెలుగులో ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మజ్జ దగ్గర అలా కుదరదు. దాని చుట్టూ డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే గట్టి పొర) గోడ, వేరు కొసన సన్నని రంధ్రం. ఊరిన ద్రవానికి ఉబ్బే చోటు లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. (ఆ ఒత్తిడి ఒక్కసారిగా మజ్జంతా పాకి దాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుందనేది పాత సిద్ధాంతం, నమ్మకండి, మొదట్లో అది శోథ ఉన్న మేరకే ఉంటుంది.) పుచ్చు వల్ల బుగ్గ ఉబ్బేనాటికి సాధారణంగా మజ్జ చచ్చిపోయి, ఇన్ఫెక్షన్ వేరు కొస దాటి ఎముకలోకి దిగి ఉంటుంది. బుగ్గ వాచేదాకా ఆగి మజ్జశోథను గుర్తుపడదామనుకోవడం, ఇల్లు కాలాక పొగ వాసన చూడటమే.

కొందరు ఇంకో కారణం రాశారు: బాక్టీరియా ఇంకా మజ్జను చేరలేదట. పన్నులో పురుగు తొలుచుకుంటూ పోతుందన్న పాత ఊహ ఇంకా మనల్ని వదల్లేదు. పన్ను పై పొర ఎనామెల్‌ను ఆమ్లం కరిగించే తీరు మళ్లీ చెప్పను. డెంటిన్ మాత్రం గొట్టాల మయమని గుర్తుంచుకోండి: మజ్జ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 45,000 గొట్టాలు, ఒక్కొక్కటి దాదాపు 2.5 మైక్రాన్ల వెడల్పు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లోతైన పుచ్చులో ఎక్కువగా కనిపించే లాక్టోబాసిల్లస్ జాతుల బాక్టీరియా ఇంకా దూరాన ఉండగానే, వాటి ఆమ్లాలూ కణకవచపు తునకలూ గొట్టంలోని ద్రవంలో కలిసి ముందుకు సాగి, మజ్జ అంచున ఉన్న ఒడొంటోబ్లాస్టులను (డెంటిన్‌ను తయారుచేసే కణాలను) తాకుతాయి. అవి ఆ తునకలను గుర్తుపట్టి కబురు పంపగానే శోథ మొదలవుతుంది. 1966లో రీవ్స్, స్టాన్లీ అనే పరిశోధకులు మనుషుల పళ్లను పరిశీలించి, బాక్టీరియాకూ మజ్జకూ మధ్య 1.1 మిల్లీమీటర్లు, అంతకు మించి డెంటిన్ మిగిలి ఉంటే మజ్జలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదనీ, అర మిల్లీమీటరు లోపుకు వస్తే శోథ ప్రస్ఫుటమవుతుందనీ చూపారు.

అసలు బాక్టీరియానే లేకపోతే? 1965లో కకెహాషి, ఆయన సహచరులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి మజ్జను నోటికి తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో మజ్జ చచ్చిపోయింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో, అదే గాయం, అదే తిండి ముక్కలు ఇరుక్కున్నా, మజ్జ బతికి, రంధ్రం మీద కొత్త డెంటిన్ వంతెన కట్టుకుంది.

కాబట్టి గత ప్రశ్నకు జవాబు: శోథ ఉంది, అయితే కోలుకోగలిగినది. చల్లదనం తీసేశాక కూడా నొప్పి అలాగే సాగుతుంటే, లేదా రాత్రిపూట తనంతట తానే లేస్తుంటే, సాధారణంగా అది కోలుకోలేనిది. దానికి యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. మజ్జశోథ ఎక్స్‌రేలో కనబడదు గనుక నేను ఫిల్ము కంటే ముందు గడియారం చూస్తాను.

అభ్యాసం: ఒక మైక్రాను ఒక సెంటీమీటరుగా లెక్కగట్టి, మజ్జ దగ్గరి ఒక గొట్టాన్ని వరండాలో సుద్దముక్కతో గీయండి. వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, అర మిల్లీమీటరు పొడవు అయిదు మీటర్లు అవుతుంది. ఒక చివర మజ్జ, రెండో చివర బాక్టీరియాకు బదులు కందిబద్దలు పెట్టండి. 1.1 మిల్లీమీటర్ల గుర్తు పదకొండు మీటర్ల దగ్గర పడుతుంది కనుక, వరండా చాలనివారు వీధిలోకి గీయవచ్చు. కందిబద్ద ఒక్కటి కూడా కదలకుండా మజ్జకు కబురు ఎలా అందిందో, ఆ గీత పక్కనే నిలబడి పది వాక్యాల్లో రాసి పంపండి.