ఇరుకు సందులో పెద్ద కొమ్మ దించే పద్ధతి

గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలోనో, విజయవాడ సత్యనారాయణపురం సందుల్లోనో చెట్టు పని ఒప్పుకుంటే కొమ్మ పడేందుకు చోటుండదు. ఒకపక్క రేకుల షెడ్డు, ఇంకోపక్క కరెంటు తీగ, కింద బైకులు. ఇలాంటి చోట జరిగే నష్టాల్లో చాలావరకు, కొమ్మ బరువు ఎటు లాగుతోందో చూడకుండా కోత పెట్టినందువల్లే.

ఎక్కేముందు చెట్టు చుట్టూ నిదానంగా తిరగండి. చెట్టు మొదలు దగ్గర చెక్కలా గట్టిపడిన పుట్టగొడుగులు అంటుకుని ఉంటే లోపల కుళ్లు ఉందనే లెక్క. గొడ్డలి వెనకవైపుతో బోదె మీద నాలుగు దిక్కులా కొట్టి వినండి. గట్టి మాను ఠక్కుమంటుంది, తొర్ర పడ్డది డొల్లగా మోగుతుంది. పంగలో పగులు కనిపిస్తే ఆ పంగకు తాడు వేయొద్దు. గుంటూరు వైపు నల్లరేగడి పెద్ద వానకు నాని మెత్తబడుతుంది, వేళ్లకు పట్టు తగ్గుతుంది. వాలిన చెట్టుకి వెనకవైపు మట్టి లేచి నెర్రె ఇచ్చి ఉంటే అసలు ఎక్కకండి. తురాయి, మునగ పచ్చిగా ఉన్నా పుటుక్కున విరుగుతాయి. వాటి కొమ్మ మీద నిలబడి పని చేయకూడదు.

తీగ దగ్గరుంటే కరెంటోళ్ల ఫోన్ నంబరు 1912కి గానీ, ఆ ఏరియా లైన్‌మన్‌కి గానీ చెప్పి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. "కరెంటు పోయిందిలే" అనుకుని ఎక్కడం ప్రాణాంతకం. ఏ ఇంట్లోనో జనరేటర్ సరిగా కలపకపోతే చచ్చిన లైన్‌లోకి కరెంటు తిరిగొస్తుంది. అందుకే లైన్‌మన్ ఎర్త్ వేశాడో (తీగల్ని భూమికి కలిపాడో) లేదో కళ్లారా చూసుకోండి. పచ్చి కొమ్మలో నీరుంటుంది కాబట్టి తీగకు తగిలితే షాక్ మనిషిదాకా వస్తుంది.

ఇక కోత. మూడు కోతల్లో దించాలి. మొదటిది కింది నుంచి, బోదెకి ఒక అడుగు దూరంలో, కొమ్మ మందంలో నాలుగో వంతు లోతు. ఇంకా లోతుకు పోతే బరువుకి గాడి మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. రెండోది పైనుంచి, మొదటి కోతకు రెండు మూడు అంగుళాలు బయటికి. కొమ్మ ఇక్కడ విరిగి పడుతుంది. కింది కోత లేకుండా పైనుంచే కోస్తే కొమ్మ వాలేటప్పుడు బెరడు బోదె పొడుగునా చీలిపోతుంది, ఆ గాయం ఏళ్లు గడిచినా మూసుకోదు. మూడో కోత మిగిలిన మోటుకి. కొమ్మ బోదెలో కలిసే చోట ముడతలు పడిన ఉబ్బు ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. చెట్టు గాయం మూసుకునేది ఆ ఉబ్బుతోనే. దానికి సరిగ్గా బయట కోయండి. నున్నగా ఉండాలని బోదెకి ఆనించి కోస్తే ఆ ఉబ్బు పోతుంది. జానెడు మోటు వదిలేస్తే అది ఎండి కుళ్లు లోపలికి పాకుతుంది.

బరువు కంటితో చూసి చెప్పలేం, లెక్క కట్టాలి. పచ్చి కర్ర దాదాపు నీళ్లంత బరువు. అడుగు అడ్డకొలత, మీటరు పొడవున్న ముక్క 70 కిలోల దాకా తూగుతుంది. ఆకులు, రెమ్మలు దీనికి అదనం. తాడు వదులుగా ఉండి ఆ ముక్క ఒక్కసారిగా జారితే, తాడు మీద పడే దెబ్బ దాని బరువుకి ఎన్నో రెట్లు. అందుకే ముక్కలు చిన్నవి కోయండి, కోసేముందు తాడు బిగువుగా లాగి ఉంచండి. కింద ఉన్నవాడు తాడుని బోదె చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, రాపిడి మీద నెమ్మదిగా వదలాలి. చేతికి మాత్రం చుట్టుకోకూడదు, కొమ్మ జారితే వేళ్లు పోతాయి. మొదలు దగ్గర కడితే కొన ముందు వాలుతుంది, కొన దగ్గర కడితే మొదలు ముందు దిగుతుంది. రేకుల మీద వేలాడే కొమ్మకి రెండు చోట్లా కట్టి అడ్డంగానే దించడం మేలు. వానలకి తడిసి ఎండిన కొబ్బరిపీచు మోకు లోపల చివికిపోయి ఉంటుంది. దాన్ని మనిషికీ కట్టొద్దు, కొమ్మకీ కట్టొద్దు. మనిషిని పట్టే తాడు వేరు, కొమ్మని దించే తాడు వేరుగా ఉండాలి.

మెషీన్ రంపం (చైన్‌సా) నుంచి పొట్టు పెద్ద పెద్ద పలుకులుగా రాలితే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలా వస్తుంటే ఆపి ఆకురాయి పట్టండి, బలంగా నొక్కడం వల్ల పదును రాదు. పెట్రోలు, 2టీ ఆయిల్ పాళ్లు మెషీన్ పుస్తకంలో చూడండి: 50:1 అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. రోడ్డు పక్క చెట్లకి బోర్డుల మేకులు దిగి ఉంటాయి. కోతలో నల్లగా, నీలంగా మరక కనిపిస్తే ఇనుము దగ్గర్లో ఉందని, చోటు మార్చండి. నిచ్చెన మీద ఒంటిచేత్తో మెషీన్ నడపొద్దు.

తేనెపట్టు ఉంటే ఆ రోజు పని వాయిదా వేయండి, మెషీన్ మోతకే ఈగలు లేస్తాయి. మామిడి మీద ఎర్ర చీమల ఆకుగూళ్లుంటే వాటిని ముందు చిన్న రెమ్మలతో సహా కోసి దించేయండి.

కోసిన చోట తారు పూయమని అడిగేవాళ్లుంటారు. అక్కర్లేదు, తేమ లోపలే నిలుస్తుంది. మామిడి, నిమ్మ తోటల్లో మాత్రం బోర్డో పేస్టు వాడతారు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, ప్లాస్టిక్ బకెట్లో. ఇనుప బకెట్ అయితే మందు పాడవుతుంది.

తుఫాను నెలలు రాకముందు "తల కొట్టేయండి" అంటారు. తల కొడితే ఏడాదిలో గుబురుగా చిగుళ్లు వస్తాయి, వాటి అతుకు బలహీనం, తర్వాతి గాలికి అవే విరుగుతాయి. ఎండినవి, రాసుకునేవి తీసి, ఒక విడతలో పచ్చదనం నాలుగో వంతుకు మించకుండా పలచన చేయండి. చెట్టు మొత్తం నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి ముందే ఉండాలి, కాగితం యజమాని చేతిలో చూశాకే రంపం ఎత్తండి. కలప ఎవరిది, కంప ఎవరు ఎత్తాలి అనేది కూలి మాట్లాడే రోజే తేల్చుకోండి. సందులో బండి రాకపోతే కంప మెయిన్‌రోడ్డు దాకా మోయడానికే సగం రోజు పడుతుంది.