బ్రిటిష్ పౌరసత్వం: మన లెక్క మనమే వేసుకుందాం – 5వ పాఠం: పురుడు ఏ ఊళ్లో, ఏ రోజున

ఈసారి పెళ్లి ద్వారా పౌరసత్వం చెప్పుకోవాల్సింది. చెబుతాను కానీ చివర్లో, కొద్దిగానే. నాలుగో పాఠం లెక్కకు వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట తప్పాయి. అది తేల్చకుండా ముందుకు పోలేం.

లెక్క మళ్లీ చూడండి. భార్యాభర్తలు ఇద్దరూ తెలుగువాళ్లు. భర్తది వర్క్ వీసా, భార్యది డిపెండెంట్ వీసా. పెద్దపాప 2012లో బ్రిటన్‌లోని లెస్టర్‌లో పుట్టింది. తండ్రికి 2013 మార్చిలో ఐఎల్ఆర్, అంటే బ్రిటన్‌లో గడువు లేకుండా ఉండే అనుమతి వచ్చింది. రెండోవాడు 2015 జూన్ 10న గుంటూరులో, అమ్మమ్మగారింట పుట్టాడు. అప్పటికే తండ్రికి పౌరసత్వం మంజూరైనట్టు ఉత్తరం అందింది, పౌరసత్వ ప్రమాణం చేసే సెరిమనీ మాత్రం జూన్ 18న. మూడో పాప 2018లో, మళ్లీ గుంటూరులోనే. తల్లి ఇప్పటికీ భారత పౌరురాలే. పుట్టుకతో బ్రిటిష్ పౌరులు ఎవరు?

పెద్దపాప, రెండోవాడు అని ఎక్కువమంది రాశారు. జవాబు మూడో పాప ఒక్కతే.

పెద్దపాప లెస్టర్‌లో పుట్టింది కదా అంటారు. 1983 జనవరి 1న 1981 నాటి చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటన్‌లో పుడితే చాలదు. బిడ్డ పుట్టిన రోజుకి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, ఐఎల్ఆర్ లాంటి స్థిరనివాస హక్కు ఉన్నవాళ్లో అయి ఉండాలి. తండ్రి ఐఎల్ఆర్ మరుసటి ఏడాది వచ్చింది. ఆ హక్కు వెనక్కి వెళ్లి పెద్దపాప పుట్టినరోజును తాకదు. రెండోవాడి సంగతి ఇంకా బాధాకరం. మంజూరు ఉత్తరం చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ పౌరులు కారు. సెరిమనీలో ప్రమాణం చేసిన క్షణం నుంచే పౌరులు. ఎనిమిది రోజుల తేడాలో వాడు తప్పిపోయాడు.

ఇక్కడిదాకా తేదీల లెక్క. నేను చూసినంతలో మనవాళ్ల కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీసేది తేదీ కాదు, పురుడు. అందుకే దీన్ని సాగదీసి చెబుతున్నాను.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలని మన ఆచారం. నెలలు నిండుతుంటే తల్లి దగ్గర ఉండాలనుకోవడం న్యాయమే, వద్దనను. కానీ టికెట్ కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఇద్దరిదీ ఐఎల్ఆర్ మాత్రమేనా? అయితే లెస్టర్‌లో పుట్టిన బిడ్డ పుట్టగానే బ్రిటిష్ పౌరుడు. విజయవాడలో పుట్టిన బిడ్డకు ఆ పౌరసత్వం రాదు. అదే తల్లి, అదే తండ్రి, అదే వారం. అయినా ఆ పసివాణ్ణి బ్రిటన్‌కు తీసుకెళ్లడానికి వీసా కావాలి. ఐఎల్ఆర్ బిడ్డకు హక్కునిచ్చేది బ్రిటన్ నేల మీద పుట్టినప్పుడే. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి గానీ తండ్రి గానీ పౌరులై ఉండాలి.

రెండోది: తల్లిదండ్రుల్లో ఎవరిదైనా బై డిసెంట్ పౌరసత్వమా, అంటే విదేశంలో పుట్టి అమ్మ లేదా నాన్న ద్వారా పొందినదా? మన లెక్కలో మూడో పాపది అదే. తండ్రి సొంతంగా నాచురలైజ్ అయ్యాడు, అంటే దరఖాస్తు చేసుకుని పౌరుడయ్యాడు కాబట్టి విదేశంలో పుట్టిన కూతురికి పౌరసత్వం దానంతటదే వచ్చింది. కానీ మామూలుగా అది ఒక్క తరానికే. రేపు ఆ అమ్మాయి పెద్దదై, లెస్టర్‌లోనే చదివి, ఉద్యోగం చేసి, ఇంకా బ్రిటిష్ పౌరుడు కాని తెలుగబ్బాయిని పెళ్లాడి, పురిటికి గుంటూరు వెళ్లిందనుకోండి. ఆమె బిడ్డ పుట్టుకతో బ్రిటిష్ కాదు. పాస్‌పోర్ట్ చూస్తే ఈ తేడా కనిపించదు, అందరిదీ ఒకేలా ఉంటుంది. అందుకే ఇరవై ఏళ్లు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పెద్దపాపను చూడండి. తండ్రికి ఐఎల్ఆర్ వచ్చాక ఆమెను పద్దెనిమిదేళ్ల లోపు బ్రిటిష్ పౌరురాలిగా రిజిస్టర్ చేయించే హక్కు ఉంది. పదేళ్లు దాటాక అయితే సత్ప్రవర్తన కూడా చూస్తారు. అలా వచ్చిన పౌరసత్వం బై డిసెంట్ కాదు, సొంతమే. అంటే పుట్టుకతో పౌరురాలు కాని అక్క గుంటూరులో కన్నా ఆమె బిడ్డ బ్రిటిష్. పుట్టుకతో పౌరురాలైన చెల్లెలు అక్కడే కంటే ఆమె బిడ్డకు ఆ హక్కు లేదు. ఈ మాట అర్థమయ్యేదాకా పైరెండు పేరాలు మళ్లీ చదవండి.

చెల్లెలికి దారి లేకపోలేదు. కాన్పుకు ముందు ఎప్పుడైనా ఆమె వరసగా మూడేళ్లు బ్రిటన్‌లో ఉండి, ఆ మూడేళ్లలో 270 రోజులకు మించి బయట లేకపోతే, బిడ్డకు పద్దెనిమిది నిండేలోపు రిజిస్ట్రేషన్ అడగవచ్చు. ఆమె తండ్రిది సొంత పౌరసత్వం కాబట్టే ఇది కుదురుతుంది. అయితే ఆ బిడ్డదీ మళ్లీ బై డిసెంటే. అమ్మనే లెస్టర్‌కు పిలిపించుకుని అక్కడే కంటే ఈ గొడవ ఏదీ లేదు. నన్నడిగితే అదే చేయమంటాను. రెండోవాడికీ రిజిస్ట్రేషన్ అడగవచ్చు, కానీ అది పౌరసత్వాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్ విచక్షణ, పెద్దపాపకున్నట్టు హక్కు కాదు.

నా పద్ధతి ఒకటి చెబుతాను. ప్రతి బిడ్డ పేరు పక్కన మూడే రాస్తాను: పుట్టిన ఊరు, పుట్టిన రోజు, ఆ రోజుకి అమ్మానాన్నల హోదా. తర్వాత మారిన హోదాలు వేరే కాగితం మీద. ఒకే కాగితం మీద రాస్తే కన్ను కొత్త తేదీ మీదికే పోతుంది. తల్లిదండ్రులకు పెళ్లి కాకపోతే, 2006 జూలై 1కి ముందు పుట్టిన బిడ్డకు తండ్రి వైపు నుంచి పౌరసత్వం దానంతటదే రాదు. ఇది కూడా పక్కన రాసుకోండి.

ఇక పెళ్లి. బ్రిటిష్ పౌరుణ్ణి చేసుకున్నంత మాత్రాన పౌరసత్వం రాదు. దరఖాస్తు చేసే రోజుకి చేతిలో ఐఎల్ఆర్ ఉండాలి. బ్రిటన్‌లో అందరికీ ఉన్న ఐదేళ్ల నివాసం బదులు మూడేళ్లు చాలు, ఐఎల్ఆర్ వచ్చాక ఏడాది ఆగనక్కర్లేదు. ఆ మూడేళ్లలో బయట గడిపింది 270 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు దాటకూడదు. దరఖాస్తు రోజుకి సరిగ్గా మూడేళ్ల కిందట మీరు బ్రిటన్‌లోనే ఉండి ఉండాలి. సంక్రాంతికి ఇండియాలో ఉన్న తేదీ పడకుండా చూసుకోండి. లైఫ్ ఇన్ ద యూకే పరీక్షలో 24 ప్రశ్నలకు 18 సరిగ్గా రాయాలి, ఇంగ్లీషు బీ1 అనే మధ్యస్థ స్థాయిలో ఉండాలి. మిగతావి ఫారమే అడుగుతుంది. పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు సంగతి ఆరో పాఠంలో.

అభ్యాసం: మీ సొంత కుటుంబంలోనో, మీకు తెలిసిన ఇంట్లోనో మూడు తరాలు తీసుకోండి. ప్రతి మనిషికీ పైన చెప్పిన మూడూ రాసి, ప్రతి బ్రిటిష్ పౌరుడి పక్కన సొంతమా, బై డిసెంటా అని తేల్చండి. ఐఎల్ఆర్ తేదీని నిర్ణయం తెలిపిన ఉత్తరంలో చూసి రాయండి, నోటి లెక్క వద్దు. ఆ తర్వాత ప్రతి ఒక్కరికీ రెండు వాక్యాలు రాయండి: రేపు బిడ్డ బ్రిటన్‌లో పుడితే ఏమవుతుంది, ఇండియాలో పుడితే ఏమవుతుంది. జవాబు పంపేటప్పుడు పేర్లు తీసేసి అమ్మమ్మ, నాన్న, చెల్లి అని మాత్రమే రాయండి.