మతం మారకుండా పెళ్లి రిజిస్ట్రేషన్: చిక్కంతా నోటీసు దగ్గరే

ఈమధ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపులో ఒక జంటను చూశాను. అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు. ఇద్దరికీ మతం మారే ఉద్దేశం లేదు. లోపలికి వెళ్లి పది నిమిషాల్లోనే తిరిగొచ్చారు. అడ్రస్ ప్రూఫ్ చెల్లదన్నారట. అక్కడే కూర్చున్న బ్రోకర్ వెంటనే అందుకున్నాడు: "అబ్బాయి హిందువుగా మారినట్టు కాగితం నేను పుట్టిస్తా. మూడు రోజుల్లో పెళ్లి సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటుంది."

ఆ కాగితం జోలికి పోకండి. రేపు ఆస్తి తగాదా వచ్చి కోర్టుకెక్కితే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఇదే కాగితం అమ్మాయి క్రైస్తవంలోకో ఇస్లాంలోకో మారినట్టు పుట్టిందనుకోండి, ఆమె ఎస్సీ అయితే రిజర్వేషన్‌కే ఎసరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఉంటుంది.

ఎవరి మతం వారికి ఉండగానే పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరికీ బతికున్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు. నిషిద్ధమైన దగ్గరి బంధుత్వం ఉండకూడదు. టెన్త్ మెమో, ఆధార్, ఫోటోలు, విడాకులైతే డిక్రీ కాపీ. ఇవి ఎలాగూ సర్దుకుంటారు.

తడబడేది నివాసం దగ్గర. ఈ చట్టం కింద పెళ్లి జరిపించే అధికారి మ్యారేజ్ ఆఫీసర్. పెళ్లి చేసుకోబోతున్నామని ఆయనకు ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఇచ్చే రోజుకు ముందు వరుసగా కనీసం 30 రోజులు ఇద్దరిలో ఒక్కరైనా ఆ ఆఫీసర్ పరిధిలో ఉండాలి. ఒక్కరుంటే చాలు, ఇద్దరూ అక్కర్లేదు. చట్టంలో 'జిల్లా' అని రాసినా, దానర్థం ఆ ఆఫీసర్‌కు అప్పగించిన ప్రాంతమే. నగరంలో పక్క ఆఫీసుకు వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువ మంది ఇందుకే. ఆధార్‌లో సొంతూరి అడ్రస్, ఉండేదేమో హాస్టల్లో. అలాంటివాళ్లు ముందుగానే అద్దె ఒప్పందం లాంటిది సిద్ధం చేసుకుని, ఏది ఒప్పుకుంటారో ఆ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి.

ఇక అందరికీ టెన్షన్ పుట్టించేది నోటీసు. దాన్ని ఆఫీసులో కనబడే చోట అంటిస్తారు. మీలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరే పరిధిలో ఉంటే, అక్కడి ఆఫీసుకూ కాపీ పంపి అంటించమంటారు. సొంతూళ్లో తెలిసిపోయే అవకాశం ఉంది, దాచి లాభం లేదు. అయితే ఇంటికి ఉత్తరం పంపాలని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.

నోటీసు వేసినప్పటి నుంచి 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ వయసు, బతికున్న జీవిత భాగస్వామి, దగ్గరి బంధుత్వం వంటి చట్టం చెప్పిన షరతుల మీదే చెప్పాలి. "మా పిల్ల, మాకిష్టం లేదు", "వేరే మతం" అన్నవి చెల్లవు. వచ్చిన అభ్యంతరాన్ని ఆఫీసర్ 30 రోజుల్లో తేల్చాలి. కావాలని అడ్డుపడ్డారని తేలితే 1,000 రూపాయల వరకు ఖర్చులు వాళ్ల మీదే వేయవచ్చు. ఆఫీసర్ కాదంటే జిల్లా కోర్టుకు అప్పీలుకు 30 రోజుల గడువుంది. ప్రాణభయం ఉంటే నోటీసు ఇచ్చే ముందే పోలీసు రక్షణ కోరండి. మేజర్లయిన ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లోనే లతా సింగ్ కేసులో చెప్పింది.

గడువు ముగిశాక ముగ్గురు సాక్షులతో వెళ్లి డిక్లరేషన్ మీద సంతకాలు చేయాలి. పెళ్లి మాటలు మీకు అర్థమయ్యే భాషలో, తెలుగులోనే చెప్పవచ్చు. ఇంకొకటి, చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది: హిందూ ఉమ్మడి కుటుంబంలోని వ్యక్తి వేరే మతస్థులను ఈ చట్టం కింద పెళ్లాడితే ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క. వాటా పోతుందని కాదు, కానీ లాయరును ఒకసారి అడగడం మంచిది.

నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే అది రద్దయినట్టే, మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి. సాక్షులు ముగ్గురినీ ఒకే రోజుకు కుదుర్చుకోవడంలోనే ఈ గడువు కరిగిపోతుంది. వాళ్లను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.