జూలై 1 రాకముందే: హాకీ జట్టు జీతాల పద్దులో జాగ్రత్తలు

ఏటా జూలై 1న, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే, ఉత్తర అమెరికా ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో ఒప్పందం తీరిన ఆటగాళ్ల సంత తెరుచుకుంటుంది. పొద్దు వాలేలోపు పెద్ద పేర్లలో చాలా భాగం ఎవరో ఒకరి ఖాతాలో పడిపోతాయి. ఎదుటి జట్టు ఎంత ఇస్తోందో తెలియదు, ఏజెంటు తొందరపెడుతుంటాడు, యజమాని ఫలితం కోసం ఎదురుచూస్తుంటాడు. ఆ హడావుడిలో పెట్టిన సంతకాన్ని జట్టు ఆరేడేళ్లు మోయాలి. అందుకే జనరల్ మేనేజర్ ఆలోచించే పనంతా జూన్‌లోనే ముగియాలి. ఈ జాగ్రత్తలు ఆ కుర్చీలో కూర్చునేవారి కోసం. డాలస్ స్టార్స్ జట్టు కార్యాలయం ఉన్న ఫ్రిస్కో లాంటి చోట్ల స్థిరపడి ఈ ఆట చూస్తున్న తెలుగువారికి కూడా, తమ జట్టు వేసవిలో చేసే పనిని తూచడానికి ఇవి పనికొస్తాయి.

జట్ల యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య 2004-05 సీజన్ మొత్తాన్ని బలి తీసుకున్న పోరు తర్వాత లీగ్‌లో జీతాల పరిమితి వచ్చింది. దాన్ని అందరూ క్యాప్ అనే అంటారు. తొలి ఏడాది అది 3.9 కోట్ల డాలర్లు. 2025-26కి 9.55 కోట్లు. 2026-27కి 10.4 కోట్లు, ఆ పై ఏడాదికి 11.35 కోట్లు అని లీగ్ ముందుగానే ప్రకటించింది. ఐపీఎల్ వేలం పర్సు మనకు తెలిసిందే. 2025 మెగా వేలానికి ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు ఇచ్చారు. అక్కడ ఒక ఆటగాడు అనుకున్నట్టు ఆడకపోతే తర్వాతి వేలానికి ముందు వదిలేస్తారు, అతని డబ్బు పర్సులోకి తిరిగి వస్తుంది. హాకీలో ఆ వెసులుబాటు లేదు. ఆటగాడు వేరే జట్టుకు వెళ్లిపోయాక కూడా అతని పేరిట కొంత మొత్తం ఏళ్ల తరబడి మీ క్యాప్‌లో నిలిచి ఉండవచ్చు. లెక్కలోకి వచ్చేది ఆ ఏడాది అతనికి చెల్లించిన జీతం కాదు, ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు.

మొట్టమొదటి జాగ్రత్త: ఏ ఒప్పందాన్నయినా చివరి సంవత్సరం నుంచి వెనక్కి చదవండి. ఆ ఏడాదికి ఆటగాడి వయసెంత, అప్పటికి క్యాప్‌లో అతని వాటా ఎంత, అతను ఏ వరుసలో (మొదటిది మేటివారిది, నాలుగోది తక్కువ సేపు ఆడేవారిది) ఆడుతుంటాడు? ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాకే మొదటి ఏడాది గురించి ఆలోచించాలి.

కాల్గరీ జట్టు 2022 వేసవిలో ఈ క్రమం తప్పింది. జులైలో జానీ గాడ్రో జట్టు వదిలి కొలంబస్ వెళ్లాడు. మాథ్యూ కచుక్ తానూ ఉండనన్నాడు. అతన్ని ఫ్లోరిడాకు ఇచ్చి, అంతకుముందు సీజన్‌లో 115 పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాసులు కలిపి) సాధించిన జొనాథన్ హ్యూబెర్‌డోను తెచ్చుకున్నారు. ఇద్దరు తారలు చేజారిన బాధలో, అతను కాల్గరీకి ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, ఆగస్టులో ఎనిమిదేళ్లకు 8.4 కోట్ల డాలర్లు రాసిచ్చారు. పాత ఒప్పందంలో అప్పటికి ఇంకా ఏడాది మిగిలే ఉంది. కొత్త చోట ఆడిన ఆ ఏడాదిలో అతను సాధించినవి 55 పాయింట్లు. కొత్త ఒప్పందం 2023లో, అతనికి ముప్పై నిండాక మొదలైంది. 2031లో, 38వ ఏట ముగుస్తుంది. ఇందులో ఆటగాడి తప్పేమీ లేదు. ఎదుటివారు ఇస్తామన్నది తీసుకోవడం అతని హక్కు. కనీసం జనవరి దాకా ఆగి చూసే అవకాశం మాత్రం జట్టు చేతిలో ఉంది, దాన్ని వాడుకోలేదు.

దీర్ఘకాల ఒప్పందాలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కొలరాడో 2016లో ఇరవై ఏళ్ల నేథన్ మెకినన్‌కు ఏటా 63 లక్షల డాలర్ల చొప్పున ఏడేళ్లు ఇచ్చింది. లీగ్‌లోని మేటి ఆటగాళ్లలో ఒకడు అంత తక్కువకు దొరకడం వల్లే చుట్టూ మంచి జట్టును కట్టుకోగలిగింది, 2022లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. ఎన్నేళ్లన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఏ వయసు ఏళ్లు కొంటున్నామన్నది చూడాలి. 21 నుంచి 28 దాకా నడిచే ఏడేళ్లయితే ధైర్యంగా ఇవ్వవచ్చు. 31 నుంచి 38 దాకా అయితే, ఎంత పెద్ద పేరైనా, నా దృష్టిలో మూడు నాలుగేళ్లు దాటకూడదు. ఇక మూడో వరుస, నాలుగో వరుస ఆటగాళ్లకు నాలుగైదేళ్లు ఇవ్వడానికి కారణమే కనిపించదు. అలాంటివారు ప్రతి వేసవిలోనూ దొరుకుతారు.

క్యాప్ పెరుగుతుందన్న నమ్మకంతో సంతకం పెట్టేవారు టొరంటోను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2018 జులై 1న జాన్ టవారెస్‌కు ఏడేళ్లకు 7.7 కోట్లు ఇచ్చినప్పుడు, క్యాప్ ఏటా పెరుగుతూ పోతే అతని వాటా దానంతటదే తగ్గుతుందన్న లెక్క అందరిలోనూ ఉంది. తర్వాత మాథ్యూస్, మార్నర్, నైలాండర్‌లకు కూడా పెద్ద మొత్తాలు ఇచ్చారు. ఆపై కోవిడ్ వచ్చింది. 2019-20 నుంచి 2021-22 దాకా మూడు సీజన్లు క్యాప్ 8.15 కోట్ల దగ్గరే ఆగిపోయింది. నలుగురికే సగం దాకా పోతే మిగతా సగంతో రక్షణ వరుస, గోల్‌కీపర్, కింది వరుసలు అన్నీ నింపుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు క్యాప్ వేగంగా పెరుగుతోంది కాబట్టి మళ్లీ అదే ధీమా కనిపిస్తోంది. ప్రకటించిన సంవత్సరాల వరకే నమ్మండి. ఆ తర్వాతి ఏళ్లకు పెరుగుదల సున్నా అనుకుని ఒకసారి పద్దు వేయండి. అప్పటికీ జట్టు నిలబడితేనే ఒప్పందం మంచిది. మంచి ఏజెంట్లు ఈ పెరుగుదలను తమ వైపు తిప్పుకుంటున్నారన్నది కూడా గమనించాలి. కానర్ మెక్‌డేవిడ్ 2025 అక్టోబరులో రెండేళ్లకే, ఏటా 1.25 కోట్లకు సంతకం చేశాడు. అంటే క్యాప్ బాగా పెరిగాక మళ్లీ మాట్లాడుకునే దారి తన చేతిలోనే ఉంచుకున్నాడు.

అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది మినసోటా కథ. 2012 జులై 4న జాక్ పరీజే, రయన్ సూటర్ ఇద్దరికీ ఒకే రకమైన ఒప్పందం ఇచ్చారు: 13 ఏళ్లు, 9.8 కోట్ల డాలర్లు. మొదటి ఏళ్లలో కోటికి పైగా జీతం, చివరి ఏళ్లలో నామమాత్రం. అలా సాగదీస్తే సగటు తగ్గి, క్యాప్‌లో ఒక్కొక్కరి భారం 75 లక్షలకు దిగింది. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. ఆరు నెలలు దాటగానే, 2013 జనవరిలో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందం ఆ దారి మూసేసింది. సొంత ఆటగాడికి ఎనిమిదేళ్లు, బయటి ఆటగాడికి ఏడేళ్లే గరిష్ఠం అంది. అంతటితో ఆగలేదు, పాత దీర్ఘకాల ఒప్పందాల్లో ఆటగాడు ముందే రిటైరైతే, అంతకాలం మిగుల్చుకున్న మొత్తాన్ని జట్టు క్యాప్ నుంచి తిరిగి రాబడతామంది. వాంకూవర్ ఆ దెబ్బ తిన్నది. గోల్‌కీపర్ రాబెర్టో లువాంగో 2019లో రిటైరయ్యాక ఏటా 30 లక్షల చొప్పున మూడు సీజన్లు కోల్పోయింది.

ఆ భయంతోనే మినసోటా 2021 జులైలో ఇద్దరినీ బైఅవుట్ చేసింది, అంటే కొంత సొమ్ము ఇచ్చి ఒప్పందాన్ని ముందే తెంచుకుంది. ఆ తర్వాత పద్దు ఇలా ఉంది: 2022-23లో 1.27 కోట్లు, 2023-24లోనూ 2024-25లోనూ 1.47 కోట్ల చొప్పున. 2023-24 క్యాప్ 8.35 కోట్లు, అంటే ఆరో వంతుకు పైగా, జట్టులో లేని ఇద్దరికి పోయింది. 2021-22లో 85 పాయింట్లు సాధించిన కెవిన్ ఫియాలాకు ఇవ్వడానికి చోటు లేక అతన్ని లాస్ ఏంజెలెస్‌కు పంపించారు. ఆ ఒప్పందాలు నడవాల్సిన 13 ఏళ్లలో మినసోటా గెలిచిన ప్లేఆఫ్ సిరీస్‌లు రెండే. ఏటా 16.67 లక్షల చొప్పున ఆ శేషం 2028-29 దాకా సాగుతుంది. అదే జట్టు 2025 సెప్టెంబరులో కిరిల్ కప్రిజోవ్‌కు ఎనిమిదేళ్లకు 13.6 కోట్లు ఇచ్చింది, అప్పటికి లీగ్ చరిత్రలోనే అతి పెద్ద ఒప్పందం. ఏటా 1.7 కోట్లంటే 2026-27 క్యాప్‌లో ఆరో వంతుకు దగ్గర. అతను మంచు మీద ఉంటాడు, ఆడతాడు, కాబట్టి ఈసారి పరిస్థితి వేరు. అయినా ఆ ఊరి అభిమానులు భయపడితే వారిని తప్పుపట్టలేను.

ఇక్కడ బైఅవుట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే జూన్ నెలలో అందరికీ చేతికందే మందు అదే. నిబంధన సులువు: మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు (26 ఏళ్లలోపు వారికైతే ఒక వంతు), మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో చెల్లించాలి. వాంకూవర్ 2023 జూన్‌లో ఆలివర్ ఎక్మన్ లార్సన్‌ను ఇలాగే వదిలించుకుంది. అప్పటికి నాలుగేళ్లు మిగిలి ఉన్నాయి, కాబట్టి భారం ఎనిమిదేళ్లకు పరుచుకుంది. మొదటి ఏడాది లక్షన్నర డాలర్లు కూడా లేదు, ఏమీ లేనట్టే. రెండో ఏడాది 23 లక్షలు దాటింది. మూడు, నాలుగు ఏళ్లలో 47 లక్షలు దాటుతుంది. తర్వాత ఏటా 21 లక్షల చొప్పున 2030-31 దాకా. ఆ ఆటగాడేమో ఫ్లోరిడాలో ఏడాదికి 22.5 లక్షలకు చేరి, 2024లో కప్పు గెలుచుకున్నాడు. కాబట్టి బైఅవుట్ కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు మొదటి గడి చూసి ఊపిరి పీల్చుకోకండి. ఏ ఏడాదిలో భారం ఎక్కువగా పడుతుందో, ఆ ఏడాది మీ కుర్రాళ్లలో ఎవరికి జీతం పెంచాలో పక్కపక్కన పెట్టి చూడండి.

ఒప్పందం నుంచి బయటపడే దారి దాదాపు లేకుండా చేసే రెండు షరతులను ఏజెంట్లు జులై 1 హడావుడిలోనే చేర్పిస్తారు. ఒకటి సైనింగ్ బోనస్, అంటే జీతంగా కాక సంతకానికి ఇచ్చే సొమ్ము. బైఅవుట్‌లో జీతం తగ్గుతుంది గాని బోనస్ తగ్గదు. టవారెస్ ఒప్పందంలో సింహభాగం అదే. రెండోది, ఆటగాడి సమ్మతి లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న షరతు. రెండింటిలో ఒకటి ఇవ్వక తప్పకపోతే, రెండోదే ఇవ్వండి. అదీ మొదటి నాలుగేళ్లకే పూర్తిగా, ఆ తర్వాత పది పన్నెండు జట్ల జాబితాకు కుదించి. కింది లీగ్‌కు పంపి భారం దించుకుందామన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. 2025-26 లెక్కలో అలా దిగేది 11.5 లక్షల డాలర్లే, మిగతాది మీ నెత్తినే ఉంటుంది. గాయపడిన ఆటగాడి పేరిట చోటు సంపాదించి, ప్లేఆఫ్స్‌కు అతన్ని దింపే పద్ధతికి కూడా 2025-26 నుంచి కళ్లెం పడింది. ప్లేఆఫ్ మ్యాచ్‌కు దిగే 20 మంది జీతాలు క్యాప్‌లో ఇమడాలి.

బయటివారికి ఖర్చు పెట్టే ముందు సొంత కుర్రాళ్లకు కావాల్సింది పక్కన పెట్టుకోండి. ఎడ్మంటన్ 2024 జూన్‌లో ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఓడిపోయింది. జులై 1న జెఫ్ స్కిన్నర్, విక్టర్ ఆర్విడ్సన్‌లను కొనుక్కుంది. ఫిలిప్ బ్రోబెర్గ్, డిలన్ హాలోవేల సంగతి తర్వాత చూద్దామనుకుంది. ఆగస్టులో సెయింట్ లూయిస్ ఆ ఇద్దరికీ ఒకేసారి ఆఫర్ షీట్లు పంపింది. మరో జట్టు హక్కులో ఉన్న ఆటగాడికి ఇచ్చే ప్రతిపాదన అది; పాత జట్టు అంతే ఇవ్వకపోతే ఆటగాడు పోతాడు, బదులుగా ఆ జట్టుకు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు దక్కుతుంది. బ్రోబెర్గ్‌కు 45.8 లక్షలు, హాలోవేకు 22.9 లక్షలు. ఈ అంకెలు ఊరికే వేసినవి కావు. మొదటిది రెండో రౌండ్ డ్రాఫ్ట్ వంతుతో సరిపోయే ఆఖరి అంకె, రెండోది మూడో రౌండ్‌తో సరిపోయే ఆఖరి అంకె. ఎడ్మంటన్‌కు ఏడు రోజుల గడువు. క్యాప్‌లో చోటు లేదు. ఇద్దరూ పోయారు. హాలోవే ఆ సీజన్‌లోనే 63 పాయింట్లు సాధించాడు. ఆఫర్ షీట్ పట్టిక లీగ్ ఏటా ప్రకటిస్తుంది. జూన్‌లోనే దాన్ని ముందు పెట్టుకుని, మీరే ఎదుటి జట్టు అనుకుని, మీ కుర్రాళ్లలో ఎవరిని ఎంతకు లాగవచ్చో లెక్క వేసి చూడండి.

2026 సెప్టెంబరు నుంచి గరిష్ఠ కాలం సొంత ఆటగాడికి ఏడేళ్లు, బయటి ఆటగాడికి ఆరేళ్లు. ఒక ఏడాది తగ్గింది కాబట్టి అదే డబ్బును తక్కువ ఏళ్లకు పంచాలి, సగటు పెరుగుతుంది. పాత ఒప్పందాల సగటుతో పోల్చి బేరమాడితే లెక్క తప్పుతుంది.

చివరగా కాగితాలు. కుర్రాళ్లపై హక్కు నిలుపుకోవాలంటే జూన్ చివరి గడువులోగా క్వాలిఫయింగ్ ఆఫర్లు (తర్వాతి ఏడాదికి ఇచ్చే కనీస ప్రతిపాదనలు) అందాలి. 2009లో షికాగో పంపినవి గడువు దాటాక చేరాయి. క్రిస్ వెర్‌స్టీగ్, క్యామ్ బార్కర్ వంటివారు స్వేచ్ఛగా వెళ్లిపోతారన్న భయంతో హడావుడిగా ఎక్కువ ధరకు సంతకాలు చేయించారు. జనరల్ మేనేజర్ డేల్ టాలన్‌ను ఆ జులైలోనే పదవి నుంచి తప్పించారు. మరుసటి ఏడాది కప్పు గెలిచిన కొద్ది వారాలకే క్యాప్ నిండిపోయి బఫ్లిన్‌ను, ల్యాడ్‌ను, అదే వెర్‌స్టీగ్‌ను వదులుకోవాల్సి వచ్చింది. మీ ఆఫర్లు గడువుకు రెండు రోజుల ముందే వెళ్లాలి. ఒక్కో ఆటగాడి పేరు ఎదురుగా, అందినట్టు రాతపూర్వక రసీదు ఫైల్లో ఉండాలి. దాన్ని పంపిన వ్యక్తి కాకుండా మరొకరు సరిచూడాలి.