న్యూరాలజిస్టు దగ్గరికి బయల్దేరే ముందు

అమ్మకో నాన్నకో నడక తడబడుతోంది, చెయ్యి వణుకుతోంది, జబ్బేంటో తేలడం లేదు. ఊరి నుంచి నెల్లూరుకో చెన్నైకో న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) దగ్గరికి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముందు వీడియో. డాక్టరు గదిలో మా నాన్న బాగానే నడిచేవారు. ఇంట్లో గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు. అది ఫోన్లో తీసి చూపించాకే డాక్టరు మళ్లీ మొదటి నుంచి అడిగారు.

వాడే మందులన్నీ స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసుకోండి. కళ్లు తిరుగుతున్నాయని ఏళ్లుగా మింగే సిన్నరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ లాంటివి కూడా పార్కిన్సన్స్ జబ్బులో లాంటి వణుకు, బిగుతు తేగలవు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపేయకండి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే కనిగిరి చుట్టుపక్కల వాళ్లయితే బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారో తప్పక చెప్పండి. ఫ్లోరైడ్ వల్ల వెన్నెముక గట్టిపడి, వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడొచ్చు. వేరే ఊరి డాక్టరుకు ఇది వెంటనే తట్టకపోవచ్చు.

విటమిన్ బి12, థైరాయిడ్, సోడియం రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి. స్కాన్‌కు రిపోర్టు కాగితం చాలదు, ఫిల్ములూ సీడీ కూడా కావాలి. ఒంట్లో పేస్‌మేకర్, రాడ్డు ఉంటే ఎమ్మారైకి ముందే చెప్పాలి.

ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట ముద్దయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలోని గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు టైమ్, లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే.