అతిథులకు వడ్డించే వంటల్లో ఏమేం పడ్డాయో ఉన్నదున్నట్టు చెప్పడం ఎలా?

"ఇందులో వెల్లుల్లి ఉందా అండీ?" అని భోజనాల దగ్గర ఎవరైనా అడిగితే మన ఇళ్లలో ఠక్కున వచ్చే జవాబు ఒకటే: "అబ్బే, ఏమీ లేదండీ, నిశ్చింతగా తినండి." ఆ మాట అన్న మనిషి పొద్దుట్నుంచి వంట వైపు తొంగి కూడా చూసి ఉండకపోవచ్చు. దీన్ని ఎవరూ అబద్ధం కింద జమకట్టరు, మర్యాద కింద కడతారు. మాల వేసుకున్న స్వామి విస్తట్లో ఉల్లి పడేదీ, పల్లీ పడని పిల్లవాడి నోట్లోకి గుత్తి వంకాయ వెళ్లేదీ ఈ మర్యాద వల్లే.

గృహప్రవేశం, వ్రతం, పుట్టినరోజు వంటివాటికి ఇంటి దగ్గర యాభై మందికి లోపు పెట్టే భోజనాలకు ఈ పద్ధతి సరిపోతుంది. సూత్రం ఒక్కటే. వంటకంలో ఏది లేదో చెప్పడం మానేసి, ఏమేం ఉన్నాయో చెప్పాలి. తినాలో వద్దో తినేవాళ్లే తేల్చుకుంటారు.

కావలసినవి

పోస్టుకార్డు సైజు తెల్ల అట్టముక్కలు, లావు మొన నల్ల మార్కరు, ఒక తెల్లకాగితం, టేపు, వంటకానికో గరిటె, పైన రెండు మూడు గరిటెలు. ప్రింటు కొట్టించిన కార్డులు వద్దు. చివరి నిమిషంలో జీడిపప్పు బదులు పల్లీ వేస్తే ప్రింటు కార్డును ఎవరూ దిద్దరు, దాన్నే పెట్టేస్తారు.

పిలిచేటప్పుడే అడగండి

"మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?" అన్న ప్రశ్నతో ఏ పనీ జరగదు. "మీ ఇంట్లో ఎవరికైనా పడనివి గానీ తిననివి గానీ ఉన్నాయా?" అని అడగండి. ఉన్నాయంటే ఇంకొక్క ప్రశ్న వేయండి: "తినకుండా ఉంటే చాలా, తగిలినా ఇబ్బందేనా?" కాకరకాయ ఇష్టంలేని మనిషికీ, పల్లీ తగిలితే పెదవులు వాచే మనిషికీ వంటింట్లో పడే జాగ్రత్త ఒకటి కాదు. పాలు అరగనివాళ్లు, పాలు పడనివాళ్లు కూడా వేర్వేరు. అరగనివాళ్లలో చాలామంది నెయ్యీ పెరుగూ తింటారు. పాలలోని ప్రొటీనే పడనివాళ్లకు పప్పు మీద వేసిన చెంచాడు నెయ్యి కూడా ప్రమాదమే.

ఇది ఫోన్లో అడగాలి. వాట్సాప్ గ్రూపులో నలుగురి ముందు తన ఒంటి సంగతి ఎవరూ రాయరు. అందరూ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

వంటకాలు తగ్గించండి

పది రకాలు చాలు. ఇరవై రకాలు చేయించి, వాటిలో ఏం పడిందో ఒక్కదాని గురించీ చెప్పలేకపోవడం కన్నా పది చేసి పదింటి గురించీ చెప్పగలగడం మంచిది. బయట కొనే స్వీటూ కేకూ పెట్టె మీద దినుసులు అచ్చువేసిన చోటే కొనండి. విడిగా తూచి ఇచ్చే కేకులో గుడ్డుందో లేదో, పైన వణికే జెల్లీలో జంతువుల నుంచి తీసే జెలాటిన్ ఉందో లేదో కౌంటర్లో కుర్రాడికి తెలియదు. అడిగితే "లేదు సార్" అంటాడు.

పొయ్యి దగ్గర రాయడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదొక్కటే. వంటంతా అయ్యాక, స్నానం చేసి చీర మార్చుకుని వచ్చి, జ్ఞాపకం మీద కార్డులు రాస్తే అవి తప్పే అవుతాయి. జ్ఞాపకంలో పెద్ద దినుసులే ఉంటాయి. సాంబారంటే కందిపప్పు, ములక్కాడ, సొరకాయ గుర్తొస్తాయి. పోపులో పడిన చిటికెడు ఇంగువ గుర్తుకురాదు. మనుషులకు పడనివి ఎక్కువగా ఉండేది ఆ గుర్తురాని చిటికెల్లోనే.

అందుకని తెల్లకాగితాన్ని పొయ్యికి ఎదురుగా గోడకు అంటించండి. వంటకానికి ఒక గడి గీయండి. బాణలిలో ఏది పడితే అది అప్పటికప్పుడు అందులోకి ఎక్కాలి. రాసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి వంట చేసేవాళ్లలో ఉండకూడదు. ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో దీనికి సరిగ్గా పనికొస్తారు. పెద్దవాళ్లను పెడితే రాయడం మానేసి రుచి చూడ్డం మొదలెడతారు.

వంటమేస్త్రిని పెట్టుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి. "వెల్లుల్లి వేశారా మేస్త్రీ?" అని అడగొద్దు. మీరు ఏ జవాబు కోరుతున్నారో మీ గొంతులోనే తెలుస్తుంది, ఆయన అదే ఇస్తాడు. "ఈ కూరకి మొదట్నుంచీ ఏమేం వేశారో వరసగా చెప్పండి" అనండి. నూనెతో మొదలై కొత్తిమీర దాకా వస్తాడు, మధ్యలో అల్లం వెల్లుల్లి ముద్ద దానంతటదే బయటపడుతుంది. ఇంకోమాట. ఖాళీ అయిన మసాలా పొట్లాలు, నూనె ప్యాకెట్లు, సాస్ సీసాలు ఏవీ చెత్తలో వేయనివ్వకండి. అన్నీ ఒక సంచిలో వేసి, చివరి అతిథి వెళ్లేదాకా ఉంచండి. అనుమానం వచ్చినప్పుడు చదివి చూడ్డానికి అవే ఆధారం. ప్యాకెట్ మీద దినుసులు బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరసగా ఉంటాయి. అయినా చివరిదాకా చదవాలి.

ఎక్కువగా తప్పిపోయేవి ఇవీ:

ఇంగువ. డబ్బాల్లో వచ్చే పొడి ఇంగువలో అసలు ఇంగువ కొంతే, మిగతాది పిండీ బంకానూ. ఆ పిండి చాలా రకాల్లో గోధుమదో మైదానో, కొన్నిట్లో బియ్యప్పిండి. గోధుమ పడనివాళ్లకు "చారే కదా, అన్నంలో పోసుకోండి" అని పోసేముందు డబ్బా తిప్పి చదవండి. రవ్వలూ ఇంతే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. "రవ్వ" అని మాత్రమే రాస్తే ఆ మాటకు అర్థం లేదు.

చిక్కటి గ్రేవీ. పనీరు కూరలో, కుర్మాలో చిక్కదనం ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగి తీరాలి. జీడిపప్పు కావచ్చు, కర్బూజా గింజలు కావచ్చు, గసగసాలు కావచ్చు. జీడిపప్పు ధర చూసి సగం పల్లీల ముద్ద కలిపేవాళ్లూ ఉన్నారు. రుచిలో పెద్ద తేడా తెలియదు, పల్లీ పడని మనిషికి మాత్రం వెంటనే తెలుస్తుంది. మీల్ మేకర్ అంటే సోయా అని కూడా రాయండి, చాలామందికి తెలియదు.

నూనె. "నూనె" అని రాసి వదలకండి, ఏ నూనో రాయండి. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. ఈమధ్య ఆరోగ్యమని గానుగ నూనెకు మారిన ఇళ్లవాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఆవకాయ, మాగాయ జాడీల్లోది పప్పునూనె అయితే అది నువ్వులదే. ఆవకాయలో ఆవపిండి ఎటూ ఉంటుంది. ఆ జాడీ మీదా కార్డు ఉండాలి.

వేయించే మూకుడు. అందరూ మరిచిపోయేది ఇదే. పొద్దున గుడ్డు బజ్జీ వేసిన నూనెలో మధ్యాహ్నం అరటికాయ బజ్జీ వేస్తే అది అరటికాయ బజ్జీ ఒక్కటే అవదు. నూనె సలసల కాగుతోంది కాబట్టి అన్నీ మాడి పోతాయనుకుంటారు. పడనితనం తెచ్చే ప్రొటీన్లు ఆ వేడికి నమ్మకంగా పోవు. తాళింపు పల్లీలు వేయించిన నూనెలోనే అప్పడాలు వేయించినా ఇంతే. వరస ఇలా పెట్టుకోండి: ముందు అప్పడాలు, వడియాలు. తరవాత బూరెలు, బజ్జీలు. అన్నిటికన్నా చివర పల్లీలు, జీడిపప్పు. గుడ్డుకూ చేపకూ మూకుడే వేరు, చిల్లుల గరిటె కూడా వేరు. వరస మారితే నూనె మార్చాలి. మార్చడం దండగ అనిపిస్తే కార్డు మీద "పల్లీలు వేయించిన నూనె" అని రాయండి. రాయడానికి మనసొప్పకపోతే నూనె మార్చండి.

దించాక పడేవి. పప్పు మీద నెయ్యి, పులిహోరలో నువ్వుల పొడి, గోంగూరలో రుచికని వేసిన ఎండు రొయ్యల పొడి, చారులో వేసిన వెల్లుల్లి రెబ్బ. రాసే పిల్ల అప్పటికి లేచి వెళ్లిపోయి ఉంటుంది. గిన్నె మీద మూత పడేదాకా కదలొద్దని ముందే చెప్పండి.

చేతులు కూడా. పల్లీ పొడి కొట్టిన చేత్తో పెరుగన్నం కలిపితే ఆ పొడి అందులోకీ వస్తుంది. సబ్బూ నీళ్లతో కడుక్కోవాలి. శానిటైజర్ రాసుకుంటే సూక్ష్మక్రిములు చస్తాయేమో గానీ పల్లీ ప్రొటీన్ చేతి మీదే ఉంటుంది.

కార్డు రాయడం

ఇది తేలిక. పైన వంటకం పేరు, కింద దినుసులు. ఇలా:

గుత్తి వంకాయ. వంకాయ, ఉల్లి, పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, ఆవాలు, వేరుశనగ నూనె.

"మసాలా", "పోపు సామాను" అని రాయకూడదు. పడనిదేదో ఆ మాటల చాటునే ఉంటుంది. ఉప్పు, పసుపు రాయక్కర్లేదు. బెల్లం, పంచదార రాయాలి. పులుసులో బెల్లం ఉందని షుగరున్న పెద్దాయన ఊహించుకోవాల్సిన అవసరం లేదు. అన్నీ నల్ల మార్కరుతోనే రాయండి. రంగురంగుల పెన్నులతో రాస్తే చూడ్డానికి బావుంటుంది, చదవడానికి రాదు.

కార్డుల బదులు పచ్చ చుక్క, ఎరుపు చుక్క స్టిక్కర్లు అంటించే పద్ధతొకటి ఉంది. దానివల్ల జరిగే మేలు తక్కువ. మన ప్యాకెట్ల మీద చదరంలో ఉండే పచ్చ చుక్క మాంసం, చేప, గుడ్డు లేవని చెబుతుంది. గుడ్డున్నదాన్ని కూడా నాన్‌వెజ్ కిందే వేసి గోధుమరంగు త్రికోణం పెడతారు. పాలున్నాయా, పల్లీ ఉందా, వెల్లుల్లి ఉందా అన్నది పచ్చ చుక్క చెప్పదు. దుంపలు తినని పక్క ఫ్లాటు జైనుల కుటుంబానికి బంగాళాదుంప వేపుడు మీది పచ్చ చుక్క ఏం చెబుతుంది? "ఉల్లి, వెల్లుల్లి లేనివి" అని మూల ఒక టేబుల్ పెట్టేవాళ్లున్నారు. ఆ టేబుల్ మీద పల్లీ పచ్చడి ఉంటే ఎవరూ గమనించరు.

విదేశాల్లో ఉన్నవాళ్లు మన వంటను ఆఫీసుకో పిల్లల బడికో పంపితే కార్డును ఆ ఊరి భాషలో రాయండి, నువ్వులూ ఆవాలూ తప్పకుండా చేర్చండి. అమెరికాలో 2023 నుంచి ప్యాకెట్ల మీద నువ్వులను పడనివాటి జాబితాలో విధిగా చెప్పాలి. బ్రిటన్‌లో తప్పక చెప్పాల్సిన 14 రకాల్లో నువ్వులతో పాటు ఆవాలూ ఉన్నాయి. మన పోపు గింజ లేని కూర ఏది?

వడ్డన

బఫే అయితే కార్డు గిన్నె వెనకాల నిలబెట్టాలి, ముందు పెడితే పులుసు పడుతుంది. వంటకానికి ఒక గరిటె, అది పక్క గిన్నెలోకి వెళ్లకూడదు. పల్లీలున్నవీ గుడ్డున్నవీ వరసలో చివర ఉంచండి. ముందుంటే వాటి గరిటె నుంచి రాలినవి తక్కిన గిన్నెల్లోకి చేరతాయి. పడనితనం ఉన్నవాళ్లకి అసలైన దారి వేరే ఉంది. అందరికన్నా ముందు, గిన్నెల్లో గరిటెలు పడకముందే వాళ్ల పళ్లెం కట్టి పక్కన పెట్టండి.

పంక్తి భోజనమైతే కార్డులు ఎవరికీ కనబడవు. వడ్డించేవాళ్లు నోటితో చెప్పాలి. "వంకాయ, పల్లీ వేసింది", "పప్పు, నెయ్యి పడింది" అని రెండు మాటలు చాలు. "స్వామీ, ఈ కూరలో ఉల్లి ఉంది" అని ముందే చెబితే ఆయన విస్తట్లో పడ్డాక చెయ్యి ఎత్తేసే అవస్థ ఉండదు. చెప్పకుండా విస్తట్లోకి జారవిడిచి "కొంచెమే వేశానండీ" అనే వడ్డనను ముందే కట్టడి చేయండి.

ఎవరైనా అడిగినప్పుడు

తెలిస్తే చెప్పండి. తెలియకపోతే "తెలియదండీ, కనుక్కొస్తాను" అని గోడ మీది కాగితం చూసి రండి. కాగితంలోనూ లేకపోతే "ఇది మాత్రం మీరు వేసుకోకండి" అనేయండి. నచ్చజెప్పి తినిపించొద్దు. "కొంచెం తింటే ఏమవుతుంది వదినా" అనే మాట మన భోజనాల్లో ఆప్యాయతకు గుర్తు, పడనితనం ఉన్నవాళ్ల దగ్గర మాత్రం అనకూడనిది. పెదవులు, నాలుక వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేయడం, ఆయాసం కొద్ది నిమిషాల్లోనే రావచ్చు, రెండు గంటల లోపు కూడా రావచ్చు. అప్పుడు మజ్జిగ తాగించి పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయండి. వాళ్ల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే వేసుకోనివ్వండి. పొట్లాల సంచి, కార్డు డాక్టరుకు పనికొస్తాయి, వెంట పంపండి.

మిగిలినవి కట్టి ఇచ్చేటప్పుడు

కార్డులు అప్పుడే చింపేయకండి. మిగిలిన పులిహోర, బూరెలు డబ్బాల్లో కట్టి ఇచ్చేటప్పుడు ఆ కార్డునే మూతకు టేపుతో అంటించి పంపండి. ఆ డబ్బా రేపు ఇంకో ఇంట్లో, మీ వంట సంగతి తెలియని మనిషి చేతిలో తెరుచుకుంటుంది. రెండు వంటకాలు ఒకే డబ్బాలో పెట్టాల్సి వస్తే రెండు కార్డులూ అంటించండి.