మూత వేస్తే ల్యాప్‌టాప్ ఆగిపోదు: వేసవి ప్రయాణాలకు ముందు జాగ్రత్తలు

పోయిన వారం ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బింది. అడుగు భాగం స్క్రూల దగ్గర విచ్చుకుంది. రెండేళ్లుగా సెలవులకి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం రాత్రి బస్సులో వెళ్తాడట. ఎక్కేటప్పుడు 90 శాతం ఉన్న ఛార్జింగ్ తెల్లారేసరికి సున్నా. బ్యాగు మీద చెయ్యి పెడితే చుర్రుమనేదట. "హైబర్నేట్‌లోనే పెడుతున్నానన్నా" అన్నాడు. చూస్తే హైబర్నేట్ ఆన్‌లోనే లేదు. వాడు చేసిందల్లా మూత వేయడం.

ల్యాప్‌టాప్ రిపేర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. మూత వేసి, ఆగిపోయిందనుకుని, బ్యాగులో పెట్టేస్తారు.

హైబర్నేట్ అంటే ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఉన్నదంతా డిస్క్‌లో రాసుకుని మెషీన్ పూర్తిగా ఆరిపోవడం. స్లీప్‌లో అలా కాదు, ర్యామ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. ఈ మధ్య వచ్చిన చాలా మోడళ్లలో ఈ స్లీప్ ఫోన్‌లాగా పనిచేస్తుంది. స్క్రీన్ ఆరినా వైఫై, మెయిల్, అప్‌డేట్లు లోపల కదులుతూనే ఉంటాయి. గాలి ఆడని బ్యాగులో అది మేలుకుంటే వేడి పోయే దారి ఉండదు. బ్యాటరీని పాడు చేసేది ఆ వేడే.

మీది ఏ రకమో చూడాలంటే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ' (powercfg /a) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అందుబాటులో ఉన్నవాటిలో 'ఎస్0 లో పవర్ ఐడిల్' (S0 Low Power Idle) అని కనిపిస్తే మీది ఫోన్ రకం స్లీప్. 'హైబర్నేట్' అన్న మాట ఆ జాబితాలో లేకపోతే ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్' (powercfg /h on) అని ఇవ్వండి. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు అని రెండు గడులుంటాయి. రెండూ మార్చాలి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. ఛార్జర్ పెట్టి ఉండగా మూత వేసి, తర్వాత వైరు పీకి బయల్దేరితే మళ్లీ పాత కథే.

నిజంగా హైబర్నేట్ అయిందా? తిరిగి ఆన్ చేసి చూడండి. ముందు కంపెనీ లోగో వచ్చి, కాసేపటికి మీ పాత పని కనిపిస్తే అయినట్టు. తెరవగానే లాక్ స్క్రీన్ వస్తే అది స్లీపే.

హైబర్నేట్ అయ్యాక కూడా ఛార్జింగ్ తగ్గుతోందంటే అది వేరే సమస్య. రాత్రి ఎంత శాతం ఉందో రాసుకుని హైబర్నేట్ చేయండి, పొద్దున చూడండి. ఒకటి రెండు శాతానికి కంగారు అక్కర్లేదు. పది పోతే మర్నాడు రాత్రి షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసి మళ్లీ కొలవండి. మామూలు షట్‌డౌన్ ఈ పరీక్షకి పనికిరాదు, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యే సెట్టింగు) ఉన్నప్పుడు అది కూడా సగం హైబర్నేటే. షట్‌డౌన్‌లో తగ్గక హైబర్నేట్‌లోనే తగ్గితే ఏదో దాన్ని మధ్యలో లేపుతోంది. 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్' (powercfg /lastwake) కొడితే చివరిసారి లేపినది ఏదో చాలాసార్లు చెబుతుంది. పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్లు, అంటే టైము ప్రకారం మెషీన్‌ని లేపేవి, ఆపేయండి. నెట్‌వర్క్ కార్డుకి కంప్యూటర్‌ని లేపే అనుమతి తీసేయండి. రెండు రాత్రులూ ఒకేలా తగ్గితే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి, ఆఫ్‌లో ఉన్నా యూఎస్‌బీ నుంచి ఫోన్ ఛార్జ్ అయ్యే సదుపాయం ఆపండి. అప్పటికీ తగ్గితే బ్యాటరీయే అరిగి ఉండొచ్చు. 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్' (powercfg /batteryreport) ఇచ్చి అసలు సామర్థ్యాన్ని, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యాన్ని పోల్చండి. సగానికి పడిపోయి ఉంటే సెట్టింగులతో కుస్తీ మానేయండి.

ఇక బయల్దేరే రోజు.

డాంగిళ్లు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేయండి. మూత వేశాక రెండు నిమిషాలు ఆగండి. లైటు ఆరాలి, ఫ్యాన్ ఆగాలి. చెవి దగ్గర పెట్టి వినండి. శబ్దం ఉంటే జిప్ వేయొద్దు. అప్‌డేట్ నడుస్తుండగా మూత వేయొద్దు. బస్సు డిక్కీలో వేయొద్దు. ఎండలో ఆపిన కారులో వదలొద్దు, బయట 42 డిగ్రీలుంటే లోపల 60 దాటుతుంది. విమానమైతే క్యాబిన్ బ్యాగులోనే తీసుకెళ్లండి. తప్పక చెక్-ఇన్‌లో వేయాల్సి వస్తే పూర్తిగా షట్‌డౌన్ చేయండి, స్లీప్‌లో అసలు పెట్టొద్దు. విడి బ్యాటరీ, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వద్దు. రెండు నెలలు హాస్టల్‌లో వదిలి వెళ్తుంటే సగం ఛార్జింగ్‌తో షట్‌డౌన్ చేసి నీడపట్టున పెట్టండి. సున్నాలో వదిలేస్తే వోల్టేజి మరీ పడిపోయి, మళ్లీ ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. బ్యాగులో పెట్టేముందు మరోసారి చూడండి: మూత వేశారా, లేక ఆపారా?

బ్యాగు వేడిగా తగిలితే వెంటనే బయటికి తీయండి. పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. చల్లారేదాకా ఛార్జర్ పెట్టొద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. టచ్‌ప్యాడ్ ఉబ్బినా, అడుగు సమంగా ఆనకపోయినా అసలు ఛార్జర్ పెట్టొద్దు. నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఆ కుర్రాడు ఉబ్బిన దానికే మూడు రోజులు ఛార్జింగ్ పెట్టుకుని, మంచం మీద పక్కన పెట్టుకుని పడుకున్నాడు. ఆ మాట వింటే నాకు కాళ్లు వణికాయి.